కొండల్లో కాపురం, 28 రోజుల ట్రయల్ ప్యాకేజీ: పెట్టిన డబ్బులకి తగ్గట్టు ఉందా?

ముందే చెప్పేస్తున్నా, ఇది పొడుగ్గా ఉంటుంది. మేం కట్టింది 1,18,000 రూపాయలు, ఆ మాత్రం రాసుకునే హక్కు నాకుంది. కంపెనీ పేరు మాత్రం అడగొద్దు, డిపాజిట్ గొడవ ఇంకా తెగలేదు.

వీళ్ళ పనేంటంటే, మనలాంటి బెంగళూరు జనం "ఈ ట్రాఫిక్కూ ఈ ట్యాంకర్లూ ఇంక నావల్ల కాదు, కొండల్లోకెళ్ళి బతుకుదాం" అనుకుంటారు కదా, వాళ్ళకి అక్కడ నెలరోజులు ఇల్లు ఇచ్చి, అద్దె ఇల్లు ఎలా వెతకాలి, స్కూలేంటి, ఆస్పత్రేంటి, స్థలం కొనొచ్చా లేదా అన్నీ చెప్పి, మారాలా వద్దా తేల్చుకోడానికి సాయం చేస్తామంటారు. మేం తీసుకుంది హిమాచల్, కాంగ్డా జిల్లాలో బీర్ అనే ఊరు. 28 రోజులు ఇల్లు, పొద్దున టిఫిన్, కౌన్సిలర్‌తో మూడు కాల్స్, 60 పేజీల పీడీఎఫ్ ఒకటి, 24 గంటల సపోర్ట్. డిపాజిట్ 15 వేలు వేరే. ఫ్లైట్లు బస్సులు మన ఖర్చే.

అసలీ పిచ్చి ఎక్కడ మొదలైందంటే, మా ఆయనకి కొండ కనిపిస్తే ఎక్కాలి. పెళ్ళైన కొత్తలో ఆదివారం తెల్లారుజామున మూడింటికి లేపి నందిహిల్స్ తీసుకెళ్ళేవాడు, సూర్యోదయం చూద్దామని, తీరా వెళ్తే కింద గేటు దగ్గరే బెంగళూరు సగం మనకన్నా ముందొచ్చి లైన్లో ఉండేది, మేం పార్కింగ్ దొరికించుకుని పైకెక్కేసరికి సూర్యుడు డ్యూటీ ఎక్కేసి ఉండేవాడు. తర్వాత స్కందగిరి, సావనదుర్గ, కుద్రేముఖ్. 2024 మార్చిలో ఊరంతా నీళ్ళకి కటకటలాడింది కదా, మా కాడుగోడి అపార్ట్‌మెంట్లో పూటకి గంట చొప్పున నీళ్ళొదిలారు, ఆ వారమే ఈయన ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్ తెరిచాడు. కాడుగోడిలో అద్దె 38 వేలు, బీర్‌లో 18 వేలు. ట్యాంకర్ సున్నా. జిమ్ సున్నా, కొండ ఉంది కదా అన్నాడు. నాకెలాగూ పూర్తిగా వర్క్ ఫ్రమ్ హోమే, ఆయన మేనేజర్‌ని బతిమాలితే ఒప్పుకుంటాడు, పాప ఇంకా మూడో తరగతి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని. నిజం చెప్పాలంటే ఆ షీటు చూసి నాకూ నోరూరింది. అందులో ఆగస్టు నెల లేదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ళ ఆఫీసు. గోడ నిండా దేవదారు చెట్ల ఫొటో, కూర్చోడానికి చెట్టు మొద్దులు (అరగంట కూర్చుంటే నడుం పట్టేసింది), కాఫీ బాగుంది. కౌన్సిలర్ అబ్బాయి మేం మాట్లాడుకోవడం విని "మీరు తెలుగా అక్కా" అని తెలుగులోకి దిగిపోయాడు, ఇంక అక్కా అన్నా అంటూ కలిపేసుకున్నాడు. వానాకాలం ఎట్లుంటుంది అనడిగితే "సూపర్ గ్రీన్‌గా ఉంటదక్కా" అన్నాడు. స్థలం కొనుక్కోవచ్చా అంటే "లీజు బెస్టన్నా, బయటనుంచి వచ్చినోళ్ళందరూ లీజే" అన్నాడు. రెండూ అబద్ధాలు కావు, తర్వాత గొడవ పెట్టుకుందామంటే కూడా దొరకడు.

పాపకి దసరా సెలవులకి తోడు ఇంకో రెండు వారాలు లీవు పెట్టించి, క్లాస్ టీచర్ చేత అక్షింతలు వేయించుకుని, అక్టోబర్ మొదటి వారంలో బయల్దేరాం. మా ఆయన ఆశంతా పఠాన్‌కోట్ నుంచి జోగిందర్‌నగర్ దాకా వెళ్ళే చిన్న రైలు మీద, 164 కిలోమీటర్ల నేరోగేజ్, శానన్ కరెంటు ప్రాజెక్టుకి సామాన్లు మోయడానికని బ్రిటిషోళ్ళు 1929లో వేసిన లైను. తీరా చూస్తే 2022 ఆగస్టు వరదకి ఆ దారిలో చక్కి నది మీద వంతెన కొట్టుకుపోయిందని చదివి, ఎందుకొచ్చిన రిస్కు అని ఢిల్లీ దాకా ఫ్లైటు, అక్కడ మజ్నూ కా టీలా నుంచి రాత్రి బస్సు అనుకున్నాం. పన్నెండు గంటలు. పాప మూడుసార్లు వాంతి చేసుకుంది. ధర్మశాల దగ్గర గగ్గల్‌లో ఎయిర్‌పోర్టుంది కానీ అక్కడ దిగినా బీర్ చేరడానికి రెండు గంటల పైనే, మబ్బు పట్టిందంటే ఫ్లైటు క్యాన్సిల్.

ఇల్లు మాత్రం వంక పెట్టడానికి లేదు. మూడో అంతస్తు, కిటికీ తీస్తే ధౌలాధర్ కొండలు ఎదురుగా నిలబడి ఉంటాయి, కింద మెట్లు మెట్లుగా వరి పొలాలు కోతకొచ్చి పసుపుపచ్చగా పండి ఉన్నాయి, పలకరాళ్ళ కప్పుల మీద మొక్కజొన్న కంకులు ఆరబోసి ఉన్నాయి. మొదటి రోజు పొద్దున బాల్కనీలో టీ తాగుతూ నేను ఏడ్చినంత పని చేశా. మా నాన్న కదిరి నుంచి వీడియో కాల్ చేసి కొండలన్నీ చూసి, "అంతా బాగుండాది గానీ పాపా, ఆడ బువ్వ దొరుకుతాదా?" అన్నాడు.

దొరుకుతుంది, కానీ వాళ్ళు పెట్టే టిఫిన్ 28 రోజులూ ఆలూ పరాఠా, మ్యాగీ, బ్రెడ్డు, మళ్ళీ ఆలూ పరాఠా. నేను పప్పులపొడి, గోంగూర పచ్చడి, చింతపండు, రాగిపిండి తీసుకెళ్ళా కాబట్టి బతికాం. మర్చిపోయింది కరివేపాకు. అది ఎక్కడ దొరికిందో చెప్తే నమ్మరు, బైజ్‌నాథ్ గుడికి వెళ్ళి వస్తుంటే రోడ్డు పక్కన కంపలో అడివిమొక్కలా పెరిగి ఉంది, ఆకు నలిపి వాసన చూశా, అచ్చం మనదే. ట్యాక్సీ డ్రైవర్ని అడిగితే గంధేలా అంటామన్నాడు. బెంగళూరులో కూరగాయల బండాయన రెండు రెమ్మలు ఎక్కువ అడిగితే ముఖం మాడ్చుకుంటాడు, ఇక్కడ కొండంతా ఉంది. ఇంకోటి, బీర్‌లో టిబెటన్ కాలనీ ఉంది, అక్కడ స్వెటర్ల కొట్లో నేను మా ఆయనతో కన్నడ కలిపి ఏదో అంటుంటే కొట్లో ఆవిడ "కన్నడ బరుత్తా?" అంది. బైలకుప్పెలో పుట్టి పెరిగి, పెళ్ళై ఇక్కడికొచ్చిందంట. మైసూరు దాటాక కనిపించే ఆ టిబెటన్ ఊళ్ళోంచి మనిషి హిమాలయాల కింద నిలబడి నాతో కన్నడలో బేరమాడుతుంటే భలే అనిపించింది. తగ్గించింది మాత్రం యాభై రూపాయలే.

సరే, అందరూ అడిగేది పారాగ్లైడింగ్ గురించి. 2015లో ఇక్కడ పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ జరిగింది, ఆషామాషీ చోటు కాదు. బీర్ నుంచి జీపులో 14 కిలోమీటర్లు మలుపులు తిరుగుతూ బిల్లింగ్ అనే చోటికి ఎక్కాలి, అది దాదాపు 2,400 మీటర్ల ఎత్తు, అక్కడ గడ్డి మైదానం ఏటవాలుగా ఉంటుంది, దాని మీద పరిగెత్తి దూకాలి. నేను అస్సలు ఎక్కనన్నా. ఎక్కించారు. పైలట్ వెనకాల పట్టీలు బిగిస్తూ "దీదీ, నేను భాగో అంటే పరిగెత్తాలి, కూర్చోకూడదు" అని మూడుసార్లు చెప్పాడు, నేను మూడుసార్లు తలూపి, భాగో అనగానే కూర్చున్నా. రెండోసారి పరిగెత్తా. నాలుగడుగులు వేశానో లేదో కాళ్ళ కింద నేల లేదు, చెవుల్లో గాలి హోరు తప్ప ఇంకేం లేదు, కింద పైన్ చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి, ఇరవై నిమిషాలు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. మూడు వేలు తీసుకున్నారు, వీడియోకి ఇంకో 500, ఆ వీడియోలో మొత్తం నా కేకలే. మా ఆయన కిందకి దిగీ దిగగానే పీ1 కోర్సు (పారాగ్లైడింగ్ నేర్చుకోడానికి మొదటి మెట్టు) ఎంత అని అడుగుతున్నాడు.

శనివారం బిల్లింగ్ నుంచి రాజ్‌గుంధాకి నడిచాం, ఇంకోసారి బరోట్ వెళ్ళి ఊల్ నది పక్కన కూర్చుని వచ్చాం. వాటి గురించి రాస్తూ పోతే రివ్యూ అవ్వదు. కేవలం సెలవుకి ఇల్లు కావాలనుకుంటే ఈ ప్యాకేజీకి నేను అయిదుకి నాలుగిస్తా.

కానీ వీళ్ళు అమ్మింది సెలవు కాదు కదా, మారాలా వద్దా తేల్చుకోడానికి సాయం. అక్కడే తేడా కొట్టింది.

వైఫై స్పీడు బాగుంది, పవర్ బ్యాకప్ ఉందన్నారు, ఉంది కూడా, లైట్లకీ ఫ్యాన్లకీ. రౌటర్ మాత్రం ఇన్వర్టర్ లైన్లో లేదు. అక్టోబర్‌లో ఫ్యాను ఎవడిక్కావాలి? కరెంటు పోయిన ప్రతిసారీ బాల్కనీలో నుంచుని ఫోన్ హాట్‌స్పాట్ మీద స్టాండప్ మీటింగ్, ఒకరోజు క్లయింట్ "వెనకాల ఆవు అరుస్తోందా?" అనడిగాడు. అవును బాబూ ఆవే. నాలుగుసార్లు చెప్తే ఇరవయ్యో రోజున ఎలక్ట్రీషియన్ వచ్చి పది నిమిషాల్లో వైరు మార్చి వెళ్ళాడు.

పీడీఎఫ్ గురించి చెప్తే నవ్వుతారు. స్కూళ్ళ లిస్టులో మూడోది కుల్లులో ఉంది. బీర్ నుంచి కుల్లు వెళ్ళాలంటే కొండదారిలో నాలుగైదు గంటలు, పాప పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనం బెల్లుకి చేరుతుంది. ఏదో మనాలి ప్యాకేజీ కోసం చేసిన పేజీని ఇందులోకి అతికించేశారు. మిగతా స్కూళ్ళకి మేమే వెళ్ళాం, పాలంపూర్ వైపు ఒకటి నచ్చింది, టీచర్లు మంచోళ్ళు, కానీ బోధనంతా సగం హిందీలో నడుస్తుంది, మా పాపకి వచ్చిన హిందీ కార్టూన్ హిందీ.

ఇంక భూమి. మా ఆయనకి రిటైరయ్యాక ఆపిల్ చెట్ల మధ్య చిన్న ఇల్లు కట్టుకోవాలని కల (బీర్ వైపు ఆపిల్ తోటల సీనే లేదు, టీ తోటలున్నాయి, అది వేరే సంగతి). పీడీఎఫ్‌లో దీని గురించి రెండు లైన్లు, "స్థానిక నిబంధనలు వర్తిస్తాయి" అని. ఆ నిబంధన పేరు సెక్షన్ 118, 1972 నాటి హిమాచల్ కౌలు, భూసంస్కరణల చట్టంలోది. అక్కడ సొంతంగా సాగు చేసుకునే రైతు కానివాళ్ళకి సాగుభూమి అమ్మకూడదు, కావాలంటే ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. అక్కడే పుట్టి పెరిగినా రైతు కానివాళ్ళకీ ఇదే రూలు. మా ఆయన హుషారుగా "మీ నాన్న రైతే కదా, పాస్‌బుక్ ఉంది కదా" అన్నాడు. కదిరి పక్కన నాలుగెకరాల చెనిక్కాయల చేను ఉన్న మా నాన్న హిమాచల్ లెక్కలో రైతు కాదు, రైతంటే ఆ రాష్ట్రంలో భూమి ఉండాలి. నాన్నకి చెప్తే "అరవై ఏండ్లు ఎండలో చచ్చినా రైతు కాదంటనా" అని పగలబడి నవ్వాడు. పోనీ ఉత్తరాఖండ్ చూద్దామా అంటే అక్కడా 2025లో చట్టం బిగించారు, హరిద్వార్, ఉధంసింగ్ నగర్ తప్ప మిగతా పదకొండు జిల్లాల్లో బయటోళ్ళు సాగుభూమి, తోటలు కొనడానికి లేదు.

నన్నడిగితే చట్టం మంచిదే. దేవనహళ్ళి చుట్టూ ద్రాక్ష తోటలు ఏమయ్యాయో చూసినోళ్ళం, అక్కడికి కూడా మనమే వెళ్ళి ఎకరాలు ఎకరాలు కొనేసుంటే ఆ వరి మెట్లు ఈపాటికి లేఅవుట్లయ్యేవి. నా కోపం చట్టం మీద కాదు. 1,18,000 తీసుకుని నా మొగుడి పదేళ్ళ కలకి అడ్డంగా ఉన్న ఒక్క ముక్కని రెండు లైన్లలో దాచినందుకు.

పదిహేడో రోజు రాత్రి పాపకి జ్వరం 102. పదయ్యింది. 24 గంటల సపోర్ట్ నంబరుకి ఏడుసార్లు చేశా, రింగవుతోంది, ఎవరూ ఎత్తరు. ట్యాక్సీలు లేవు. ఇదే కాడుగోడిలో అయితే చెప్పులేసుకుని నడిచెళ్ళే దూరంలో పిల్లల డాక్టరుంటాడు. మెట్లు దిగి పక్కింటి ఆంటీ తలుపు కొడితే, ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యకుండా శాలువా కప్పుకుని, మరిది కొడుకుని నిద్ర లేపి, ఆల్టోలో మమ్మల్ని బైజ్‌నాథ్ తీసుకెళ్ళింది. వైరలే, మందిచ్చి పంపారు, రెండ్రోజుల్లో తగ్గింది. పెద్దదేమైనా అయితే టాండాలో మెడికల్ కాలేజీ, ఇంకా పెద్దదైతే చండీగఢ్ అని ఆంటీ వచ్చే దారిలో మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. సపోర్ట్ వాళ్ళు పొద్దున 9:40కి ఫోన్ చేసి "అంతా ఓకేనా మేడమ్" అన్నారు.

ఆ రోజు నుంచి నేను రోజూ సాయంత్రం ఆంటీ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆవిడ ఖాళీగా కూర్చోగా నేను చూళ్ళేదు. అక్టోబరంటే మనకి ఫొటోలు తీసుకునే నెల, ఆవిడకి చలికాలానికి సర్దుకునే నెల. కొండ మీద గడ్డి కోసి తన ఒంటికి మూడింతల మోపు వీపు మీద కట్టుకుని దిగేది, దాన్ని ఎండబెట్టి పేర్చాలి, కట్టెలు చీల్చి గోడ వారగా పేర్చాలి, మొక్కజొన్న ఒలవాలి. నేనూ సాయం పట్టా. కట్టెల దొంతర ఎట్లా పేర్చాలో ఆవిడ నేర్పింది, బెరడు పైకి ఉండాలి, వాన పడితే నీళ్ళు జారిపోతాయి, మొదళ్ళు గోడకి తగలకూడదు, వేలు పట్టేంత సందు వదలాలి, లేకపోతే బూజు పడుతుంది. నేను పేర్చిన వరస చూసి ఏమీ అనలేదు, మొత్తం తీసి మళ్ళీ పేర్చుకుంది.

కట్టెలు పేరుస్తూనే అడిగింది, ఇక్కడికి మారిపోవాలనుకుంటున్నారంట కదా, వానల్లో వచ్చారా ఎప్పుడైనా అని. లేదన్నా. ఆవిడ చెప్పింది వింటే మా ఎక్సెల్ షీటు చింపేయాలనిపించింది. జూలై, ఆగస్టుల్లో బట్టలు వారమైనా ఆరవు, పప్పుడబ్బాల్లో కూడా బూజు, కరెంటు వెళ్తే ఎప్పుడొస్తుందో తెలీదు, పైన కొండ జారితే రోడ్డు పోతుంది, పాలూ కూరగాయలూ రావు. ధర్మశాల, పాలంపూర్ వైపంతా రాష్ట్రంలోనే వాన బాగా ఎక్కువ పడే చోటు. పారాగ్లైడింగ్ కూడా జూలై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా బంద్. 2023లో కుల్లు-మనాలి రోడ్డు ముక్కలు ముక్కలుగా నదిలో కలిసిపోవడం, సిమ్లాలో కొండ జారి శివాలయం మీద పడటం మనం టీవీలో చూశాం, 2025లో పక్క జిల్లా మండీలో సెరాజ్ వైపు రాత్రికి రాత్రి వచ్చిన వరదలో ఇళ్ళు పోయాయి. టీవీలో చూసేటప్పుడు అది "హిమాచల్"లో జరిగింది, మేం వెళ్ళబోయేది "బీర్"కి, ఆ రెండూ ఒకటేనని మా బుర్రకి ఎక్కలేదు. ఆంటీ కొడుకు బద్దీలో మందుల కంపెనీలో చేస్తాడు, పోయిన వానాకాలం రాఖీకి కూడా రాలేకపోయాడంట.

అదే వరసలో 1905 భూకంపం గురించి కూడా చెప్పింది, వాళ్ళ తాతల కాలం కథ, కాంగ్డాలో దాదాపు 20 వేల మంది పోయారు. ఆవిడ పాతిల్లు మట్టీ కట్టే పలకరాళ్ళూ, రెండంతస్తులు మించదు. ఆ రాత్రి మా ఆయన మూడో అంతస్తులో పడుకుని ఫోన్లో భూకంపాల జోన్ల మ్యాపు చూసి, కాంగ్డా మీద ఎర్ర రంగు చూసి, ఒంటిగంట దాకా నిద్రపోలేదు. మంచినీళ్ళ గ్లాసులో నీళ్ళు కదిలాయని నన్ను లేపాడు. ఆయన కాలు తగిలి కదిలాయి.

అలాగని మేం వద్దనుకున్నాం అనుకోకండి. నిజానికి మా ఆయన ఇప్పటికీ వెళ్దామనే అంటున్నాడు, కొనడం లేదు సరే, అద్దెకే ఉందాం అంటున్నాడు. నేను రెండు మనసుల్లో ఉన్నా. ఇక్కడ కాడుగోడి నుంచి మూడున్నర గంటల్లో కదిరి వెళ్ళిపోతా, నాన్నకి ఒంట్లో బాలేదంటే రాత్రికి అక్కడుంటా, బీర్ నుంచి అయితే ఒకటిన్నర రోజు. అట్లని పోయిన మంగళవారం పనత్తూర్ దగ్గర ఒక్క చోట యాభై నిమిషాలు కదలకుండా ఆగిపోయినప్పుడు నాకు ఆ నాలుగడుగుల పరుగే గుర్తొచ్చింది. ఈ కంపెనీ ఆ రెంటి మధ్య తేల్చుకోడానికి ఏమైనా పనికొచ్చిందా అంటే, రాలేదు. మూడు కౌన్సిలింగ్ కాల్స్‌లో రెండు "ఎలా ఉందన్నా వ్యూ" దగ్గరే ఆగిపోయాయి, మూడోది వాళ్ళ ఏడాది ప్యాకేజీ అమ్మడానికి చేసింది. ఈ విషయానికి అయిదుకి ఒకటిన్నర, ఆ సగం కూడా ఆ ఇంటి పక్కనే ఆంటీ ఇల్లు ఉన్నందుకు.

వెళ్ళాలనుకునేవాళ్ళు అక్టోబర్‌లో ట్రయల్‌కి వెళ్ళకండి. అక్టోబర్‌లో ఆ ఊరు పెళ్ళిచూపులకి ముస్తాబై కూర్చుంటుంది. వానల్లో వెళ్ళండి, లేదంటే జనవరిలో. రౌటర్ ఏ లైన్లో ఉందో దిగిన రోజే చూసుకోండి. సపోర్ట్ నంబరుకి మొదటి రాత్రే పదింటికి ఒకసారి ఊరికే చేసి చూడండి.

డిపాజిట్ సంగతి: 4,500 కోశారు, వంటింటి తెల్లగోడ మీద పసుపు మరకంట. పులిహోర తాలింపు చిందింది, నిజమే, కానీ 4,500కి గది మొత్తానికి సున్నం వేయించొచ్చు. బిల్లు చూపించమని మూడు మెయిళ్ళు పెట్టాం, జవాబుగా "మీ తర్వాతి స్టేకి 10 శాతం తగ్గింపు" అని కూపన్ పంపారు.

సరే కదా అని మా ఆయన ఫోన్ చేసి, ఆ కూపన్ ఆగస్టులో వాడతాం, పది రోజులు ఇవ్వండి, వానాకాలం ఎట్లుంటుందో చూడాలి అన్నాడు. అదే తెలుగబ్బాయి. "ఆగస్టులో లేదన్నా, జూలై నుంచి సెప్టెంబర్ సగం దాకా మనం ప్రాపర్టీ మూసేస్తాం, స్టాఫ్ అందరూ ఊళ్ళకెళ్ళిపోతారు" అన్నాడు.

ఆంటీకి ఫోన్ చేశా. కింద గది ఖాళీగానే ఉంటుంది, రోజుకి 600 ఇవ్వండి, గమ్‌బూట్లు తెచ్చుకోండి, ఇక్కడ పిల్లల సైజువి దొరకవు అంది.